ఫ్రేములు, గణాలు, మూలప్రతులు



అను, శ్రీలిపి వంటి ఖతుల కాలాన్ని మనలో చాలామంది అనుభవించినవాళ్ళమే. ఒక కంప్యూటరులో ముచ్చటగా కూర్చిన వ్యాసాన్ని మరొకదానిలో తెరిస్తే అర్థంలేని గుర్తుల వరుస ఎదురయ్యేది. వ్యాసం చెక్కుచెదరక ఉన్నట్లే, కాని చదివే ఉపాయం లేదు. యూనికోడు ప్రమాణంలో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, దానిని మన చేతివ్రేళ్ళకు అలవాటు చేసుకోవడానికి మరి పదిహేనేళ్ళు పట్టింది. ఆ పోరాటంలో ఎవరి శక్తికొలది వారు పాలుపంచుకున్నారు. ఖతి మారినా అక్షరం నిలవాలి అన్నదే మన పట్టుదల.

ఈ టపాలో నేను చెప్పదలచుకున్న మాట ఒక్కటే. నాడు అక్షరానికి పట్టిన దుర్గతి నేడు మన దృశ్యానికి పట్టింది. మన ఊళ్ళ పాటలు, ఆటలు, జాతరలు, మగ్గాలు లక్షల వీడియోలుగా పోగుపడుతున్నాయి. వాటిని ఏ ఫార్మాటులో తీశారు, సెకనుకు ఎన్ని ఫ్రేములతో తీశారు, అసలు ప్రతి ఎక్కడ ఉన్నది అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పగలవారు మాత్రం అరుదు. జవాబు లేని వీడియో నేడు ఆడవచ్చునేమో గాని, ఇరవై ఏళ్ళకు ఆడదు.

నేను తెలుగు పండితుణ్ణి. వీడియో ఎడిటింగు నా విద్య కాదు. పదవీ విరమణ చేసిన తరువాత, ఆ పని చేసుకొని బ్రతుకుతున్న నా పూర్వ విద్యార్థి ఒకడు వచ్చి, "సార్, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడు దిక్కుల పాత రికార్డింగులు ఒక్క తాన చేర్చాలె. తెలుగు మీరు చూసుకోండి, మిషను నేను చూసుకుంట" అన్నాడు. శీర్షికలు, వ్యాఖ్యానం, పాటల పాఠం సరిచూడడం నా వంతు. వాని ప్రక్కన కూర్చున్న ఈ కాలంలో నేను నేర్చుకున్నదే మీతో పంచుకుంటున్నాను.

మా ప్రాంతం సంగతి కొంత చెప్పాలి. గద్వాలను పూర్వం విద్వద్గద్వాల అన్నారు, సంస్థానాధీశులు పండితులను పోషించినందుకు. కాని ఈ నేల విద్య అంతా పండితులది కాదు. నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్యగారికి పన్నెండు మెట్ల కిన్నెర వాయించినందుకు 2022లో పద్మశ్రీ వచ్చింది. అంతకు ముందటి సంవత్సరం 'భీమ్లా నాయక్' చిత్రంలోని పాటలో ఆయన గొంతు వినిపించిన తరువాతనే చాలామందికి కిన్నెర అనే వాద్యం ఒకటి ఉన్నదని తెలిసింది. వెదురు, ఎండిన సొరకాయ బుర్రలు, తీగలు, మెట్లు: ఇంతే సామగ్రి. పండుగ సాయన్న వంటి వీరుల కథలు ఆ తీగల మీదనే బ్రతికాయి. ఇటువంటి కళలో గ్రంథం లేదు, స్వరలిపి లేదు. వాయించిన చేయి ఆగిపోతే మిగిలేది రికార్డింగు మాత్రమే. కనుక ఆ రికార్డింగుకు ఏమవుతున్నదన్నది చిన్న విషయం కాదు.

మా వానికి చేరిన సరకు చూడండి. 1990ల నాటి వీహెచ్‌ఎస్ క్యాసెట్లు కొన్ని. 2000 తరువాతి మినీ డీవీ టేపులు కొన్ని. పెళ్ళిళ్ళతోబాటు పంచిపెట్టిన వీసీడీలు చాలా. పాత మొబైళ్ళలో తీసిన 3జీపీ తునకలు. సలేశ్వరం జాతరలో కుర్రవాళ్ళు తీసిన నేటి ఫోన్ల వీడియోలు. అమెరికాలో ఉన్న పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు తమ కెమేరాలతో తీసి పంపినవి. ఇవన్నీ కంప్యూటరులోకి ఎక్కితే అన్నీ వీడియోలే. కాని ఒకదాని నడక ఒకదానికి లేదు.

ఈ నడక అన్న దానినే ఫ్రేమ్ రేటు అంటారు. కదిలే బొమ్మ అన్నది నిజానికి కదలని బొమ్మల వరుస. సెకనుకు సినిమాలో 24, మన దేశపు టెలివిజన్ పద్ధతి అయిన పాల్‌లో 25, అమెరికా వారి ఎన్‌టీఎస్‌సీలో ఇంచుమించు 30. ఈ తేడా ఎందుకు వచ్చిందంటే, మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, వారిది 60 సార్లు. తొలినాటి టెలివిజన్లు ఆ ఊపుకే ముడివడి పుట్టాయి. 1953లో అమెరికా వారు నలుపుతెలుపుల ప్రసారంలో రంగును ఇరికించడానికి ఆ 30ని 29.97 చేశారు. ఆ చిన్న తేడాను లెక్కలోకి తీసుకోకపోతే గంట వీడియోలో 108 ఫ్రేములు, అనగా 3.6 సెకన్లు ఎడమవుతాయి. పాట ఒకచోట, పెదవి ఒకచోట.

ఛందస్సు చదివినవారికి ఈ విషయం తేలికగా అందుతుంది. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, చంపకమాల పాదానికి 21. రెండింటికీ మాత్రలు 28. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా విడదీస్తే చంపకమాల అవుతుంది. కాలం అదే, లెక్క వేరు. ఇరవై అయిదు ఫ్రేములైనా ముప్పయి ఫ్రేములైనా సెకను సెకనే. మా వానికి ఈ పోలిక చెప్పగానే, "ఇదే ముచ్చట సార్, నడుమల నడక మార్చనీకి రాదు" అన్నాడు. వాడు పని చేసే డావించీ రిజాల్వ్‌లో ఒకసారి టైమ్‌లైను కట్టిన తరువాత దాని ఫ్రేమ్ రేటును మార్చనివ్వరట. పద్యం ఎత్తుకున్న తరువాత వృత్తం మార్చలేము గదా.

పద్యంలో గురువును విడదీయడం సులువు. దృశ్యంలో ఆ సులువు లేదు. ముప్పయి ఫ్రేముల వీడియోను ఇరవై అయిదులోకి దించాలంటే ప్రతి ఆరింటిలో ఒకదానిని పారవేయాలి. ఇరవై అయిదును ముప్పయికి పెంచాలంటే ప్రతి అయిదింటికి ఒకదానిని రెండుసార్లు చూపాలి. కూర్చొని మాట్లాడే మనిషి విషయంలో ఇది కంటికి ఆనదు. కోలాటంలో కోలకు కోల తగిలే క్షణం, కిన్నెర తీగను వ్రేలు మీటే క్షణం ఆ పారవేసిన ఫ్రేములో ఉంటే? వాయించడం నేర్చుకోదలచినవాడు చూడవలసినది ఆ క్షణాన్నే.

ఇందుకు విరుగుడుగా కొత్త సాఫ్ట్‌వేర్లు మరొక ఉపాయం చేస్తాయి. రెండు ఫ్రేముల నడుమ లేని ఫ్రేమును తామే ఊహించి గీస్తాయి. చూడడానికి నున్నగా ఉంటుంది. మా పరిభాషలో దీనిని ప్రక్షిప్తం అంటారు. కవి వ్రాయని పద్యాన్ని లేఖకుడు నడుమ చేర్చితే, అది ఎంత చక్కని పద్యమైనా కవిది కాదు. వినోదానికి చేసే వీడియోలో ఇటువంటి చేర్పుల పట్ల నాకు ఆక్షేపణ లేదు. ఒక కళాకారుని హస్తలాఘవానికి సాక్ష్యంగా నిలువవలసిన వీడియోలో ఆయన వ్రేలు ఉండని చోట వ్రేలును గీయడం మాత్రం అపచారం. చేయక తప్పనప్పుడు చేసినట్లు వ్రాసి పెట్టాలి.

పాత టేపుల విషయంలో మరొక చిక్కు ఉన్నది. వీహెచ్‌ఎస్, డీవీలలో ప్రతి ఫ్రేమూ రెండు సగాలుగా, సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి, నమోదవుతుంది. అంటే ఇరవై అయిదు ఫ్రేములలో యాభై వేర్వేరు క్షణాలు దాగి ఉంటాయి. తొందరపడి ఇరవై అయిదుగానే మార్చితే సగం కదలిక పోతుంది. అసలు ఏమీ చేయక అలాగే ఎక్కిస్తే, కదిలే చేతుల అంచులు దువ్వెన పళ్ళవలె కనిపిస్తాయి. సరియైన దారి దానిని యాభై పూర్తి ఫ్రేములుగా విప్పుకోవడం. అలాగే ఆ టేపులు నాలుగుకు మూడు కొలతవి. నేటి వెడల్పు తెరకు సాగదీయడం వలన మన పెద్దలందరూ పొట్టిగా, లావుగా కనిపిస్తున్నారు. ప్రక్కల నల్లని ఖాళీ ఉంటే వచ్చిన నష్టమేమిటో నాకు బోధపడదు.

ఫోన్ల సంగతి వేరు. ఫోను ముప్పయి అని చెప్పినా, వెలుతురు తగ్గినప్పుడో, యంత్రం వేడెక్కినప్పుడో తన ఇష్టానుసారం ఫ్రేముల సంఖ్యను హెచ్చించి తగ్గిస్తుంది. ఎడిటింగు సాఫ్ట్‌వేరు మాత్రం అంతటా ఒకే లెక్క ఉన్నదని నమ్మితే, పది నిమిషాల పాట చివరికి వచ్చేసరికి ధ్వని జారిపోతుంది. మీడియాఇన్ఫో అనే ఉచిత సాధనంలో ఫైలును తెరిస్తే ఫ్రేమ్ రేటు స్థిరమో, అస్థిరమో చెబుతుంది. అస్థిరమైతే హ్యాండ్‌బ్రేక్‌తోనో ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తోనో స్థిరమైన రేటులో ఒక పని ప్రతిని చేసుకొని, ఎడిటింగు దాని మీద చేయాలి. అసలు ఫైలును ముట్టరాదు.

గద్వాల మగ్గాలను చిత్రించిన వీడియోలలో అడ్డంగా నల్లని చారలు ప్రాకుతూ ఉండడం మీలో కొందరు చూచి ఉంటారు. చీరకు దోషమేమీ లేదు. మన దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. ఫోను షట్టరు 1/60కి ఉన్నందున ఆ మిణుకు పట్టుబడుతున్నది. 1/50 గాని 1/100 గాని పెట్టుకుంటే చార మాయమవుతుంది. ఈ ఒక్క ముక్క ముందుగా తెలిస్తే ఎన్నో రికార్డింగులు బాగుపడేవి. తీసేటప్పుడు పడిన చారను తరువాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా తుడవలేదు.

ఇక ఫార్మాటు. ఫైలు పేరు చివర ఎంపీ4 అనో, ఏవీఐ అనో, ఎమ్‌ఓవీ అనో ఉంటుంది. అది పెట్టె పేరు మాత్రమే. లోపల దృశ్యాన్ని ఏ పద్ధతిలో కుదించారన్నది వేరే సంగతి, దానిని కోడెక్ అంటారు. తాటాకు గ్రంథం అన్నంత మాత్రాన అందులోని లిపి తెలుగో, కన్నడమో, నందినాగరియో తెలియదు గదా. 2003లో వచ్చిన హెచ్.264 నేడు ఇంచుమించు అన్ని యంత్రాలూ చదవగల లిపి. తరువాతి హెచ్‌ఈవీసీ చోటు తక్కువ తీసుకుంటుంది గాని పాత కంప్యూటర్లను ముప్పుతిప్పలు పెడుతుంది. ఒకప్పుడు అంతర్జాలమంతటా ఆడిన ఫ్లాష్ వీడియోల ఆటగాడు 2020 డిసెంబరుతో విరమించుకున్నాడు. నాడు గూగుల్ వీడియోలో దాచుకున్నవారికి 2012లో ఆ తలుపు మూతబడింది. జియోసిటీస్ 2009లోనే పోయింది. ఉచిత సత్రంలో బస చేయవచ్చు, ఇంటి దస్తావేజులు అక్కడ దాచరాదు.

నా అసలు ఫిర్యాదు ఇక్కడ ఉన్నది. ఒక పల్లెలో ఒక వృద్ధ కళాకారుని పాటను చాలా ఏళ్ళ క్రితం ఒక స్టూడియోవారు డీవీ టేపు మీద తీశారు. స్టూడియో పేరుతో మనకు పని లేదు. గంట డీవీ సుమారు 13 గిగాబైట్లు. దానిని కత్తిరించి, పైన పూలు చల్లి, వీసీడీగా చేసి ఇచ్చారు. వీసీడీలో గంటకు సుమారు 600 మెగాబైట్లు, అనగా ఇరవయ్యో వంతు. బొమ్మ కొలత నాలుగో వంతు. తరువాత అదే టేపు మీద మరొకరి పెళ్ళి తీశారు. ఆ వీసీడీ నుండి ఎవరో ఫోనులోకి దించి వాట్సాప్‌లో పంపగా, అది మరింత నలిగింది. కళాకారుడు కాలం చేసిన తరువాత కుటుంబంవారు మా వద్దకు తెచ్చినది ఆ నలిగిన తునక ఒక్కటే. ముఖం గుర్తుపట్టవచ్చు, వ్రేళ్ళు కనబడవు. "ఇంతకన్న మంచిది లేదా సార్?" అని ఆయన మనుమరాలు అడిగితే నా వద్ద సమాధానం లేదు.

ఇది ఆ ఒక్క స్టూడియో దోషం కాదు. టేపు ఖరీదు, పని ఒత్తిడి వారికి ఉన్నాయి. దోషం మన దృష్టిది. ఎడిటింగు పూర్తి అయినదే అసలైనదనీ, తీసినది ముడి సరకనీ మనం అనుకుంటున్నాము. గ్రంథ పరిష్కరణలో క్రమం ఇందుకు విరుద్ధం. మానవల్లి రామకృష్ణకవిగారు 1909లో నన్నెచోడుని కుమారసంభవాన్ని ప్రకటించినప్పుడు, అది అంత ప్రాచీనమా కాదా అని పండితులు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. అటువంటి వాదంలో అచ్చుపుస్తకం సాక్ష్యం చెప్పలేదు, వ్రాతప్రతియే చెప్పాలి. యంత్రాలు లేని మనిషిని పాడించి ఆడించగల ఈ రోజులలో ఆ మాట వీడియోకు మరింత వర్తిస్తుంది. ఇది నిజముగా ఆయన పాడినదేనా అని రేపు ఎవరైనా అడిగితే, కెమేరా నుండి వచ్చిన మొదటి ఫైలే మన వ్రాతప్రతి. ఎడిట్ చేసినది వ్యాఖ్యానం. వ్యాఖ్యానాలు ఎన్నయినా వ్రాసుకోవచ్చు, మూలం ఉంటే.

చోటు చాలదని కొందరంటారు. కొంత నిజమే. జాతరలో ఊరికే నడుస్తూ తీసిన గంటలన్నీ దాచనక్కరలేదు. కాని ఎంపిక అన్నది తెలిసి చేయాలి, కార్డు నిండినదని చెరిపివేయడం ఎంపిక కాదు. ఎవరు చూస్తారని మరికొందరంటారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు, గద్వాల ప్రాంతంవారైన సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను తెచ్చి బదులిచ్చారు. ఇళ్ళలో మూలపడిన పద్యాల నాటి ధర ఎంత? పోగుచేసి పేరు పెట్టిన తరువాతనే దాని విలువ తెలిసింది.

పేరు పెట్టడం అన్న మాట ఊరికే అనలేదు. ఎడిటింగు సాఫ్ట్‌వేరు వీడియోలను తనలో దాచుకోదు. అవి ఏ ఫోల్డరులో ఉన్నాయో ఆ చిరునామాను మాత్రమే వ్రాసుకుంటుంది. ఫోల్డరు కదిలినా, పేరు మారినా 'మీడియా ఆఫ్‌లైన్' అని ఎర్రని తెర చూపుతుంది. శ్రీశైలం జలాశయంలో మునుగుతుందని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తరలించిన సంగతి మీకు తెలుసు. అటువంటి తరలింపులో ప్రతి రాతికీ ముందే గుర్తు వేసి, ఆ వరుసను వ్రాసుకొని, విప్పి, మరల పేర్చుతారు. గుర్తు లేని రాయి గుట్టలో రాయి అవుతుంది. వీడియోలకూ అదే. సంవత్సరం, నెల, తేదీ, ఊరు, కళ, వరుస సంఖ్య: ఈ క్రమంలో పేరు పెడితే వాటంతట అవే వరుసగా నిలుస్తాయి. కెమేరా ఫైళ్ళు ఒక ఫోల్డరు, ధ్వని ఒకటి, పని ప్రతులు ఒకటి, పూర్తయినవి ఒకటి. ప్రతి ఫోల్డరులోను ఎవరు పాడారు, ఎక్కడ, ఎవరు తీశారు, ఏ యంత్రంతో, సెకనుకు ఎన్ని ఫ్రేములు అన్న చిన్న తెలుగు కాగితం, యూటీఎఫ్-8లో.

ఆ కాగితం తెలుగులో ఉండాలన్నది నా పట్టు. తెర మీద శీర్షికల కొరకు నేటికీ కొందరు పాత ఖతులనే వాడుతున్నారు, కారణం కొన్ని ఎడిటింగు సాఫ్ట్‌వేర్లలో యూనికోడు తెలుగు ఒత్తులు విడిపోవడం. అటువంటిచోట అక్షరాలను సరిగా చూపే సాధనంలో శీర్షిక తయారుచేసి బొమ్మగా తెచ్చుకోవచ్చు. పాటల పాఠాన్ని మాత్రం ఉపశీర్షికల ఫైలుగా, యూనికోడులో, విడిగా ఉంచాలి. అప్పుడే వెదికినవానికి పాట దొరుకుతుంది. మనం నేర్చుకున్న ఈ విద్య ఎడిటింగు గదులలోకి ఇంకా పూర్తిగా చేరలేదు. దానిని చేర్చవలసినది మనమే.

చివరగా ప్రతుల సంగతి. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగినప్పుడు అలంపురం, రాజోలి వంటి మా నదీతీరపు ఊళ్ళు నీట మునిగాయి. ఇంట్లో ఒక్కచోట దాచినది ఎంత భద్రంగా దాచినా ఆ నీటికి ఒక్కటే. కనుక మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలమీద, ఒకటి వేరే ఊళ్ళో. హార్డ్ డిస్కులను ఏడాదికొకసారైనా తెరిచి చూడాలి. పంపవలసి వస్తే వాట్సాప్‌లో వీడియోగా గాక డాక్యుమెంటుగా పంపాలి, అప్పుడు నలగదు.

మీ ఇళ్ళలో, మీ ఊళ్ళలో టేపులు ఉంటే ఈ సంక్రాంతికి వెళ్ళినప్పుడు అటక మీదినుండి దించండి. వాటిని ఆడించే యంత్రాలు టేపులకన్న ముందే అరుదైపోతున్నాయి. దించి, మొదటి ఫైలును ముట్టక దాచి, ప్రక్కన ఒక తెలుగు కాగితం పెట్టండి. కత్తిరింపులు, పూలు, సంగీతం తరువాత చూచుకోవచ్చు.

స్వస్తి.